అన్నయ్య సంతకం



పోయిన నెలలో కొత్తపేట వైపు నుండి ఒక సహోదరి ఈ శీర్షికకు ఉత్తరం రాసింది. పేరూ ఊరూ వేయవద్దని కోరింది గనుక వేయడం లేదు. ఆమె భర్త ప్రభువునందు నిద్రించి ఏడు నెలలైంది. ఆయన ముచ్చటపడి కొన్న కారు ఇంటి ముందు పాకలో అలాగే ఉన్నది. ఇంట్లో నడిపేవారు లేరు. అమ్మేద్దామంటే అత్తగారు "వాడి కారు అమ్మితే వాణ్ణి అమ్ముకున్నట్టే" అంటున్నారట. మరిదిగారు ఇప్పటికే ఒక బ్రోకరును ఇంటికి తీసుకొచ్చారట. ఆ బ్రోకరు రెండు ఫారాలు చేతిలో పెట్టి, వాటి మీద చనిపోయినాయన చేసినట్టే సంతకం చేయిస్తే వారంలో డబ్బు ఇచ్చేస్తానన్నాడట. "అయ్యగారూ, కారు అమ్మడం తప్పా? అందరూ చేసేదేనంటున్నారు, ఆ సంతకం తప్పా? దయచేసి జవాబు రాయండి" అని ఆ సహోదరి అడిగింది.

మొదటి ప్రశ్నకు జవాబు ఒక్క మాటలో చెప్పగలను. తప్పు కాదు. రెండవదానికి కూడా ఒక్క మాట చాలును. కాని ఆ మాట గట్టిగా చెప్పే అర్హత నాకు అంతగా లేదు. ఎందుకు లేదో చెప్పడానికే ఈ నెల ఈ పేజీ.

మా అన్నయ్య 2023 జూన్ నెలలో చనిపోయాడు. రాజోలు దగ్గర ఒక పల్లెలో ఎలిమెంటరీ స్కూలు మాస్టారు. బడికి తయారవుతూ గుండెల్లో నొప్పి అన్నాడు. ఆసుపత్రి గుమ్మం దాకా కూడా ఊపిరి నిలువలేదు. ఇక్కడ ఒక సంగతి రాయకుండా ఉండలేకపోతున్నాను. ఆ ఊళ్లో ఎంతమందినో వేళకు ఆసుపత్రికి చేర్చిన కారు ఆ ఉదయం పాకలోనే ఉండిపోయింది. ఆ ఇంట్లో దాన్ని నడపగలిగినవాడు అన్నయ్య ఒక్కడే. ఆయన్ను ప్రక్కింటివాళ్లు ఆటోలో తీసుకెళ్లారు.

అది 2012లో కొన్న తెల్ల మారుతి 800. బ్యాంకు అప్పు మీద కొన్నాడు. మాస్టారి జీతానికి అప్పట్లో అది పెద్ద సాహసమే. కొన్న మొదటి ఆదివారం సంఘమంతా చుట్టూ నిలబడి ప్రార్థన చేసింది. మా అమ్మ బానెట్టు మీద చెయ్యి వేసి కళ్లు మూసుకొన్నది. ఆ తరువాత అది అన్నయ్య కారుగా ఎన్ని రోజులున్నదో నాకు తెలియదు గాని, ఊరి కారుగా మాత్రం పదకొండేళ్లు ఉన్నది. పురుటి నొప్పులు వస్తే అదే. పెళ్లికూతురు అదే కారులో మందిరానికి రావాలి. దూరపు ఊళ్లో సమాధి కార్యక్రమానికి నేను వెళ్లవలసి వస్తే అన్నయ్య బడి వదలగానే వచ్చి ఎక్కించుకొనేవాడు. నరసాపురం ఆసుపత్రికి రోగిని తీసుకెళ్లాలంటే చించినాడ వంతెన మీదుగా చుట్టూ తిరగకుండా సఖినేటిపల్లి రేవులో కారును పంటు ఎక్కించి వశిష్ఠ దాటించేవాడు. పంటు మీద ఉన్నంతసేపూ దిగి కారు ప్రక్కనే నిలబడేవాడు, కారుకు ఈత రాదు కదా అని నవ్వేవాడు. వరదలకు పంటు ఆగిపోయినప్పుడు మాత్రం వంతెనే గతి.

అన్నయ్య పోయాక కూడికలు జరిగాయి. వాళ్ల అబ్బాయి ఖతారు నుండి వచ్చి పదిహేను రోజులుండి వెళ్లిపోయాడు. అమ్మాయి రావులపాలెంలో అత్తవారింటికి వెళ్లింది. వదిన, ఎనభై దాటిన మా అమ్మ, పాకలో కారు మిగిలారు. వానాకాలం వచ్చింది. మన కోనసీమ సంగతి మీకు చెప్పేదేముంది? సముద్రపు గాలికి కిటికీ ఊచలే నిలువవు. బ్యాటరీ చచ్చిపోయింది. టైర్లు నేలకంటుకొన్నాయి. ఇంజను దగ్గర ఎలుకలు వైర్లు కొరికాయి. అయినా వదిన మాత్రం పొద్దున్నే గుడ్డ తడిపి ముందు అద్దం తుడిచేది. నడవని కారుకు అద్దం ఎందుకమ్మా అని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

ఉత్తరం రాసిన సహోదరి అత్తగారి మాటను నేను తేలికగా తీసుకోవడం లేదు. యొప్పేలో దొర్కా చనిపోయినప్పుడు విధవరాండ్రు పేతురును మేడగదిలోనికి తీసుకెళ్లి ఏమి చూపించారు? ఆమె కుట్టిన అంగీలు, వస్త్రాలు చూపించి ఏడ్చారు. చేతితో తాకిన వస్తువులో మనిషి కొంత మిగిలి ఉంటాడన్నది మన వెర్రి కాదు, బైబిలులో ఉన్న దుఃఖమే. అపొస్తలుడు వాళ్లను మందలించినట్టు అక్కడ లేదు. కాబట్టి అత్తగారిని మందలించే పని కూడా ఎవరూ పెట్టుకోవద్దు.

కాని వస్త్రం పెట్టెలో దాగుతుంది, కారు దాగదు. అదీగాక చాలా ఇళ్లలో కారు వెనుక అప్పు ఉంటుంది. లాల్ బహదూర్ శాస్త్రిగారి సంగతి వినే ఉంటారు. ఆయన 1964లో ప్రధానమంత్రి అయ్యాక ఒక ఫియట్ కారు కొన్నారు. ధర 12,000 రూపాయలు. దగ్గరున్నది 7,000. మిగిలిన 5,000 పంజాబ్ నేషనల్ బ్యాంకులో అప్పు తీసుకొన్నారు. 1966 జనవరి 11న తాష్కెంటులో ఆయన చనిపోయేనాటికి ఆ అప్పు తీరలేదు. భార్య లలితాశాస్త్రిగారు తన పింఛనులో నుండి దాన్ని తీర్చారు. ఆ కారు ఇప్పుడు ఢిల్లీలో ఆయన స్మారక మ్యూజియంలో ఉన్నది. ఆమె పద్ధతి గొప్పది. అయితే మన తాటాకు పాక మ్యూజియం కాదు. ఎలీషా దగ్గరకు వచ్చిన విధవరాలికి కూడా అప్పులవాడి భయమే. పాత్రలు నిండిన నూనెను ప్రవక్త ఇంట్లో జ్ఞాపకార్థంగా దాచుకోమనలేదు. దాన్ని అమ్మించాడు, అప్పు తీర్పించాడు, మిగిలినదానితో ఆమెనూ పిల్లలనూ బ్రతకమన్నాడు. ఆ నూనె అద్భుతం వల్ల వచ్చినది, అయినా అమ్మదగినదే అయింది. మన మారుతి కారు అంతకంటె పరిశుద్ధమైనదేమీ కాదు.

ఈ మాటలే నేను నవంబరులో వదినతో చెప్పాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "డిక్కీలో ఏమున్నాయో ముందు తీద్దాం తమ్ముడూ" అన్నది. ఇద్దరం కూర్చుని తీశాము. పాత బైబిలు, చదువుకొనే కళ్లజోడు, బడి పిల్లల హాజరు కాగితాలు, రేవులో పంటు రసీదులు గుత్తిగా, ఒక సగం వాడిన అగరు దోమల చుట్ట, ఎవరి బిడ్డదో ఒక చిన్న చెప్పు. ఆ చెప్పు ఎవరిదో మాకిద్దరికీ తెలియలేదు. వదిన దాన్ని కూడా పారేయలేదు.

రాజోలులో ఒక బ్రోకరు ద్వారా బేరం వచ్చింది. ముమ్మిడివరం వైపు ఆసామి. 1,10,000 రూపాయలకు ఒప్పుకొన్నాడు. మంచి ధర. బ్రోకరు కాగితాలు చూసి తల గోక్కున్నాడు. "ఆర్సీ మాస్టారి పేరు మీదే ఉంది అయ్యగారూ. చనిపోయారని చూపిస్తే మూడు నెలలు తిరగాలి. వారసులంతా సంతకాలు పెట్టాలి. ఆ అబ్బాయి ఖతారులో ఉన్నాడంటున్నారు. ఇదంతా ఎందుకు? 29, 30 ఫారాలు ఇస్తాను. మాస్టారు పోకముందు తేదీ వేసి సంతకం పెట్టించండి. బ్రతికుండగానే అమ్మినట్టు అయిపోతుంది" అన్నాడు. అతను దుర్మార్గుడేమీ కాదు. మా ఇంటి కష్టం చూసి సాయం చేస్తున్నాననే అనుకొన్నాడు. ఎన్నో ఇళ్లకు ఆ సాయం చేసి ఉంటాడు.

ఇప్పుడు నా సంగతి చెప్పాలి. నాకు అక్షరాలు దిద్దించినది అన్నయ్యే. పలక మీద తన అక్షరాల మీదే నన్ను దిద్దమనేవాడు. అందువల్ల మా ఇద్దరి చేతిరాత ఒక్కటే. ఇంటర్మీడియట్‌లో ఉండగా నేను రాసిన ఉత్తరం చూసి మా నాన్నగారే పెద్దవాడు రాశాడనుకొన్నారు. అన్నయ్యకు జ్వరం వచ్చినప్పుడు రెండు మూడుసార్లు సెలవు చీటీ నేను రాసి, వాడు మంచం మీద నుండి పెట్టమంటే సంతకం కూడా నేనే పెట్టాను. కాబట్టి బ్రోకరు ఆ మాట అనగానే నా మనస్సులో మొట్టమొదట వచ్చినది భయం కాదు. ఇది నాకు వచ్చిన పనే కదా అన్న తలంపు. వాక్యం బోధించేవాడి హృదయంలో మొదట వచ్చిన తలంపు అది. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

ఆ రాత్రి వదిన ఇంట్లోనే, అన్నయ్య పిల్లల నోటు పుస్తకాలు దిద్దే బల్ల దగ్గర కూర్చుని, ఒక తెల్ల కాగితం మీద సంతకం పెట్టి చూశాను. మొదటిది వంకర పోయింది. రెండవది ఫరవాలేదు. మూడవది అచ్చంగా అన్నయ్యదే. ఫారాలు ప్రక్కనే ఉన్నాయి.

అప్పుడే వదిన టీ గ్లాసుతో వచ్చింది. బల్ల మీద కాగితం చూసింది. గ్లాసు పెట్టి, ఆ మూడవ సంతకం మీద వేలు పెట్టి మెల్లగా రాసింది. "ఇది ఎక్కడ దొరికింది తమ్ముడూ? ఎప్పటిది?" అని అడిగింది. ముఖంలో సంతోషం.

నాకు నోట మాట రాలేదు. మేకపిల్లల చర్మం కప్పుకొని చూపులేని తండ్రి ముందు నిలబడిన యాకోబు గూర్చి నేను ఎన్నిసార్లు ప్రసంగించియున్నానో లెక్కలేదు. పెద్దవాడి బట్టలు, పెద్దవాడి చేతుల నూగు, చిన్నవాడి మనిషి. ఇస్సాకు తడిమి చూసి నమ్మాడు. మా వదిన కూడా తడిమి చూసి నమ్మింది. ఆ వాక్యభాగం మీద నేను ఎప్పుడు ప్రసంగించినా యాకోబు పక్షానో రిబ్కా పక్షానో నిలబడి మాట్లాడాను గాని, తడిమిన చెయ్యి గూర్చి ఒక్కసారి కూడా మాట్లాడలేదు.

"నేనే రాశాను వదినా" అన్నాను. ఎందుకో కూడా చెప్పాను. ఆమె ఏమీ అనలేదు. కాగితం తీసుకొని వంటింట్లోకి వెళ్లింది. చాలాసేపటికి వచ్చి, "టీ చల్లారిపోయింది, మళ్లీ పెడతాను" అన్నది. ఆ కాగితం ఏమి చేసిందో నేను అడగలేదు.

కాబట్టి సహోదరీ, నీ రెండవ ప్రశ్నకు జవాబు ఇది. తప్పే. చట్టం దృష్టిలో అది ఫోర్జరీ, అంటే దొంగ సంతకం. పట్టుబడినా పడకపోయినా అంతే. రాజు పేర తాకీదులు రాసి రాజు ముద్ర వేసినది యెజెబెలు, ఆ కాగితాల వల్ల పోయినది నాబోతు. మన కాగితం వల్ల ఎవరూ చావరు, నిజమే. కాని చనిపోయినవాడికి తన పక్షాన మాట్లాడుకొనే నోరు లేదు. వాడు చేయని పనిని వాడి చేత చేయించడం, అదీ వాడు బ్రతికియుండగా చేసినట్టు, వాడి మీద మోపే అబద్ధం.

ఇక్కడ నాకు ఆదికాండము 23వ అధ్యాయము ఎంతో సాయం చేసింది. ఇంట్లో చావు జరిగినప్పుడు చేసిన క్రయవిక్రయం బైబిలులో అంత వివరంగా ఉన్నది అక్కడే. శారా చనిపోయింది. అబ్రాహాము ఏడ్చి లేచాడు. సమాధి స్థలం ఊరకే ఇస్తామన్నా తీసుకోలేదు. ఎఫ్రోను పొలమూ మక్పేలా గుహా ఊరి గవిని దగ్గర అందరూ వింటుండగా బేరం చేసుకొని, 400 తులముల వెండి తూచి ఇచ్చాడు. పొలంలో ఉన్న చెట్లు కూడా దస్తావేజులో చేరినట్టు అధ్యాయం చివర కనబడుతుంది. దుఃఖంలో ఉన్నాను గనుక లెక్కలు తరువాత చూద్దామని ఆయన అనుకోలేదు.

సరే, మేమేమి చేశామో చెబుతాను. ఇది చాలామందికి ఉపయోగపడుతుంది గనుక కొంచెం ఓపికగా చదవండి.

బండి యజమాని చనిపోతే, 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం, బండి ఎవరి స్వాధీనంలోకి వస్తుందో వారు ముప్పై రోజుల్లోగా రవాణా శాఖ కార్యాలయానికి సంగతి తెలియజేయాలి. అలా తెలియజేస్తే మూడు నెలల వరకు ఆ బండిని వాడుకోవచ్చును. ఆ మూడు నెలల్లోనే 31వ నెంబరు ఫారంతో పేరు మార్పుకు దరఖాస్తు చేయాలి. దానితోపాటు మరణ ధ్రువపత్రం, ఆర్సీ, ఇన్సూరెన్సు జత చేయాలి. 29, 30 ఫారాలు బ్రతికియున్నవాడు అమ్మేటప్పుడు వాడేవి. మాకు ఈ సంగతి తెలియదు. జూన్‌లో పోయిన మనిషి కారు గూర్చి నవంబరులో మేల్కొన్నాము. ఆలస్యానికి సంజాయిషీ రాసి, రుసుము కట్టవలసి వచ్చింది.

ఇన్సూరెన్సు సంగతి ఇంకా ముఖ్యం. పాలసీదారుడు చనిపోతే పాలసీ వెంటనే రద్దు కాదు. మూడు నెలలు గాని, పాలసీ గడువు తీరేవరకు గాని, ఏది ముందయితే అంతవరకు నిలుస్తుంది. ఆలోగా వారసుల పేరుకు మార్పించుకోవాలి. ఇది తెలిసినప్పుడు నాకు చెమటలు పట్టాయి. ఎందుకంటే అక్టోబరులో ఒక రాత్రి ప్రక్క వీధి అమ్మాయికి నొప్పులు వస్తే, నేను అక్కడే ఉన్నాను గనుక, తోసి స్టార్టు చేసి ఆ కారులోనే రాజోలు తీసుకెళ్లాను. బిడ్డ క్షేమంగా పుట్టింది, దేవునికి స్తోత్రం. కాని ఆ చీకట్లో ఎవరికైనా తగిలియుంటే ఆ కుటుంబానికి పరిహారం ఎవరు ఇచ్చేవారు? మంచి పనికి వెళ్తున్నామని ఇన్సూరెన్సు ఉన్నట్టు కాదు.

పేరు మార్చకుండా బండి ఇచ్చేసి డబ్బు తీసుకొనేవారు ఇంకొకటి గమనించాలి. 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు నవీన్ కుమార్ కేసులో తీర్పు చెప్పింది. ఆ కారు చేతులు మారి మారి నాలుగో మనిషి దగ్గరకు వెళ్లింది, రిజిస్ట్రేషను మాత్రం మొదటివాడి పేరనే ఉండిపోయింది. ప్రమాదం జరిగాక, రిజిస్ట్రేషనులో ఎవరి పేరున్నదో వాడే యజమాని, పరిహారం బాధ్యత వాడిదేనని కోర్టు అన్నది. ఆ పేరు చనిపోయినవాడిదైతే చిక్కు అతని భార్యాబిడ్డల ముంగిటికి వస్తుంది.

మా పనికి అడ్డం వచ్చినది మరొకటి. కారు అప్పు అన్నయ్య 2017లోనే తీర్చేశాడు. కాని ఆర్సీ మీద బ్యాంకు పేరు అలాగే ఉన్నది. అప్పు తీరగానే బ్యాంకు నుండి అభ్యంతరం లేదన్న కాగితమూ 35వ నెంబరు ఫారమూ తీసుకొని ఆ పేరు కొట్టివేయించుకోవాలి. అన్నయ్య అది చేయలేదు. ఈలోగా ఆ బ్యాంకు మరో బ్యాంకులో కలిసిపోయింది. పాత ఖాతా వెదికి ఆ కాగితం ఇవ్వడానికి వాళ్లకు ఆరు వారాలు పట్టింది. ఇది చదివే ఇళ్లలో అప్పు తీరిపోయిన బండి ఉంటే, యజమాని బ్రతికియుండగానే ఈ పని ముగించండి. ఇంకొక సంగతి, 2021లో నిబంధనలు సవరించాక, బ్యాంకు ఖాతాకు పెట్టినట్టే ఆర్సీలో కూడా నామినీ పేరు పెట్టించుకోవచ్చును. అది ఉంటే పేరు మార్పు చాలా తేలిక. భర్తలు సంసార పక్షంగా ఆలోచించి ఇది చేయాలి. చావు మాట ఎత్తితే చెడు జరుగుతుందన్న భయం మనకు ఎక్కడిది?

మరణ ధ్రువపత్రం పంచాయతీ నుండి వచ్చింది. కుటుంబ సభ్యుల ధ్రువపత్రం తహశీల్దారు కార్యాలయం నుండి తెచ్చాము. కారు తల్లి పేరుకు మార్చడానికి మాకు అభ్యంతరం లేదని పిల్లలిద్దరూ స్టాంపు కాగితం మీద ప్రమాణపత్రాలు ఇవ్వాలి. అమ్మాయి ఒక పూటలో ఇచ్చింది. అబ్బాయి సెలవు పెట్టుకొని దోహాలో మన రాయబార కార్యాలయానికి వెళ్లి, సంతకం పెట్టి పంపేసరికి జనవరి వచ్చింది. ఈలోగా ముమ్మిడివరం ఆసామి వేరే కారు కొనుక్కొన్నాడు.

ఇక వాటాలు. అన్నదమ్ములలో ఒకడు వచ్చి ఆస్తి పంచిపెట్టమంటే ప్రభువు ఆ తగువులోకి దిగనన్నాడు. కాని కాపరిని మాత్రం అందరూ ఆ తగువుకే పిలుస్తారు. అందుకని కొంత తెలుసుకొని పెట్టుకొన్నాను. క్రైస్తవుడు వీలునామా లేకుండా చనిపోతే 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం మూడవ వంతు భార్యకు, మిగిలిన రెండు వంతులు పిల్లలకు సమానంగా. కొడుకు, కూతురు అన్న తేడా లేదు. కట్నం ఇచ్చేశాము గనుక అమ్మాయికి ఏమీ రాదన్నది మనం కల్పించుకొన్న చట్టం. సెలోపెహాదు కుమార్తెలు అయిదుగురు మోషే ఎదుట నిలబడి అడిగిననాడే ఆ సంగతి తేలిపోయింది.

ఆ చట్టంలో పిల్లలున్నవాడి తల్లికి వాటా లేదు. అదే 1956 హిందూ వారసత్వ చట్టంలో తల్లి, భార్య, కొడుకులు, కూతుళ్లు అందరికీ సమాన వాటాలు. మన కుటుంబాలు కొన్ని కాగితం మీద ఒక విధంగా, ఆదివారం మరొక విధంగా ఉన్నాయి. ఆ చర్చ ఈ పేజీకి తేవడం లేదు. మీకు ఏ చట్టం వర్తిస్తుందో ఒక వకీలును అడిగి తెలుసుకోండి. నాకు కష్టంగా తోచినదల్లా మా అమ్మ సంగతి. కొడుకును కని, ఆ కారు మీద మొట్టమొదట చెయ్యి వేసి ప్రార్థించిన మనిషికి మా చట్టంలో పైసా లేదు.

చివరికి 2024 మార్చిలో అంబాజీపేటలో కొబ్బరి వ్యాపారం చేసే ఒకాయన 96,000కు తీసుకొన్నాడు. కొత్త బ్యాటరీ, టైర్లు వేయించాల్సి ఉంటుందని గీచి గీచి బేరమాడాడు. ముందు వచ్చిన బేరం కంటె 14,000 తక్కువ. వదినకు 14,000 అంటే చిన్న మొత్తం కాదు. ఫ్యామిలీ పింఛను ఇంకా మొదలు కాలేదు. సాక్ష్యాలలో మనం సాధారణంగా చెప్పేదేమంటే, సత్యం కోసం నష్టపోతే ప్రభువు మరొక దారిన రెట్టింపుగా ఇచ్చాడని. అలా చెప్పడానికి నాకు లేదు. ఆ 14,000 ఏ దారినా తిరిగి రాలేదు.

వదినకూ పిల్లలిద్దరికీ లెక్క ప్రకారం తలా 32,000 వచ్చింది. అబ్బాయి ఫోనులో, "నాన్నమ్మకు కూడా పెట్టి నాలుగు భాగాలు చెయ్యండి బాబాయ్, తలా ఇరవై నాలుగు" అన్నాడు. అమ్మాయి కూడా సరేనన్నది. వాళ్లకు చట్టం చెప్పినవాణ్ణి నేనే, చట్టం దాటించినవాళ్లు వాళ్లు. మా అమ్మ డబ్బు చేత్తో తాకకుండా, "నాకెందుకురా. ఇచ్చేసేముందు ఒక్కసారి నన్ను వాడి దగ్గరకు తీసుకెళ్లండి" అన్నది. అప్పటికి కారు వదిన పేరు మీదకు మారింది, ఇన్సూరెన్సు కూడా. ఆదివారం ఆరాధన అయ్యాక అమ్మను ముందు సీటులో కూర్చోబెట్టి సమాధుల దొడ్డి దాకా తీసుకెళ్లాను. దిగలేదు. అద్దం దించి కొంతసేపు చూసి, పద అన్నది.

అంబాజీపేట ఆయన తమ్ముణ్ణి వెంటబెట్టుకొని వచ్చాడు. ఇంటి అరుగు మీద సంఘ పెద్దలిద్దరు, ప్రక్కింటివాళ్లు కూర్చున్నారు. డబ్బు అందరి ముందు లెక్కపెట్టాము. కారు అప్పగించిన తేదీయే కాదు, గంట కూడా వేసి రెండు ప్రతులు రాసుకొన్నాము. ఇది తప్పక చేయండి, ఆ గంట తరువాత ఏమి జరిగినా అది మీది కాదని చూపడానికి ఉంటుంది. ఆ తరువాత అమ్మినవారు పద్నాలుగు రోజుల్లోగా రవాణా శాఖకు తెలియజేయాలి, కొన్నవారు ముప్పై రోజుల్లోగా.

29, 30 ఫారాలు వదిన ముందు పెట్టాము. అవే ఫారాలు. వదిన ఏడవ తరగతి వరకు చదివింది. ఇంట్లో ఏ కాగితానికైనా ఇన్నాళ్లు అన్నయ్యే సంతకం పెట్టాడు. కలం పట్టుకొని, "ఆయన పేరు కూడా రాయాలా?" అని అడిగింది. అక్కర్లేదు, మీ పేరు చాలునన్నాను. మెల్లగా, ఒక్కొక్క అక్షరం విడివిడిగా రాసింది. అన్నిచోట్లా రాశాక కాగితం నా వైపు త్రిప్పి, "సరిగా ఉందా తమ్ముడూ?" అన్నది.

ఆయన కారు స్టార్టు చేసుకొనేలోగా వదిన గుడ్డ తెచ్చి ముందు అద్దం తుడిచింది. ఆయన వద్దనలేదు, ఇంజను ఆపి ఆగాడు.